ఒక్క స్క్రూ విప్పితే డిస్కు చేతికొచ్చేది

మా రోజుల్లో ల్యాప్‌టాప్ పోతే పోయేది ల్యాప్‌టాప్ ఒక్కటే. అందులో ఉన్నది బతికే ఉండేది. మదర్‌బోర్డు కాలిపోయినా, తెర పగిలినా, కాఫీ ఒలికి కీబోర్డు కిందంతా పచ్చగా చిలుం పట్టినా సరే, అడుగున స్క్రూ విప్పి హార్డ్ డిస్కు బయటికి లాగి ఇంకో దాంట్లో పెడితే చాలు. మనిషి రాసుకున్న ఉత్తరాలు, లెక్కలు, పిల్లల ఫొటోలు ఎక్కడివక్కడే కనపడేవి. ఇప్పుడు లక్ష పోసి కొన్న మెషీన్లో ఒక చిన్న చిప్పు పోతే, దాంతోపాటే అందులో దాచుకున్నదంతా పోతోంది. ఇది అభివృద్ధి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

విజయవాడ గవర్నరుపేటలో కంప్యూటర్లు బాగుచేస్తూ నా వయసంతా గడిచింది. సామాను కావాలంటే పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయేవాళ్లం, లేదంటే రాత్రి బండిలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి. అక్కడ సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేముందు అందరం ఒకే పని చేసేవాళ్లం. దాన్ని బోర్లా తిప్పి డిస్కు ఎటునుంచి వస్తుందో చూసేవాళ్లం. ఐబీఎం థింక్‌ప్యాడ్ టీ సిరీస్ అయితే పక్కన ఒక్కటే స్క్రూ. అది తీసి మూత పట్టుకుని లాగితే, రెండు వైపులా రబ్బరు పట్టీలతో డిస్కు జారుకుంటూ బయటికొచ్చేది. డెల్ లాటిట్యూడ్ డీ సిరీస్ అయితే రెండు స్క్రూలు. చేతిలో స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. ఏ స్క్రూ ఎక్కడుందో, దాని పొడవెంతో బొమ్మలు గీసి చూపించే సర్వీసు మాన్యువల్‌ని ఐబీఎం వాళ్లు ఎవరైనా చదువుకునేలా ఇచ్చేవారు. ఆ మాన్యువల్ రాసినవాళ్లకి మెకానిక్ అంటే గౌరవం ఉంది. నాకు ఆ పని నేర్పిన గురువుల్లో వాళ్లూ ఉన్నారు, ముఖాలు చూడకపోయినా.

పని తేలిక అని మాత్రం అనను. ఐడీఈ కాలంలో డెస్క్‌టాప్ డిస్కుకి 40 పిన్నులు, ల్యాప్‌టాప్ డిస్కుకి 44. ఆ అదనపు నాలుగింటిలోంచే కరెంటూ వచ్చేది. పిన్నుల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు. కాస్త వంకరగా తోస్తే ఒక పిన్ను మడత పడేది. దాన్ని సూదితో నిలబెట్టాలి, రెండోసారి వంగితే విరిగిపోతుంది. ల్యాప్‌టాప్ డిస్కుని డెస్క్‌టాప్‌కి తగిలించడానికి చిన్న కన్వర్టర్ ఉండేది, అది తిరగేసి పెడితే డిస్కు మీది బోర్డు మాడిపోయేది. అందుకే మా దగ్గర పనికి చేరిన కుర్రాడికి మొదటి పాఠం ఒకటో పిన్ను ఎటుందో చూడటమే. ఇంకా పాత మెషీన్లలో అయితే డిస్కు మీది చీటీ చూసి సిలిండర్లెన్ని, హెడ్‌లెన్ని, సెక్టార్లెన్ని అన్నది బయోస్‌లో చేత్తో కొట్టాల్సి వచ్చేది. ఒక అంకె తప్పితే మెషీన్ లేవదు. కొన్ని బయోస్‌లు 8.4 జీబీ దాటితే చూడలేవు, తర్వాత వచ్చినవి 137 జీబీ దగ్గర ఆగేవి. ఇవన్నీ కాగితం చూడకుండా చెప్పగలిగేవాళ్లు మా వీధిలో కనీసం అరడజను మంది ఉండేవారు.

డిస్కు మార్చాక విండోస్ లేవడం ఇంకో పని. విండోస్ 98 కొత్త ఒంట్లోకి పోయాక కనపడిన ప్రతి వస్తువునీ కొత్తగా పరిచయం చేయమని సీడీ అడిగేది. ఆ సంగతి తెలిసినవాడు డిస్కు విప్పకముందే సీడీలోని ఫోల్డరు సీ డ్రైవులోకి కాపీ చేసి పెట్టేవాడు. ఎక్స్‌పీ అంత తేలిగ్గా లొంగేది కాదు. కొత్త మదర్‌బోర్డులో డిస్కు కంట్రోలర్ వేరేదైతే నీలం తెర మీద 7బీ అని ఎర్రర్ చూపించి ఆగిపోయేది. దానికీ మందు ఉంది. పాత మెషీన్ బతికుండగానే డివైస్ మేనేజర్లోకి వెళ్లి, ఆ కంపెనీ డ్రైవరు తీసేసి, స్టాండర్డ్ ఐడీఈ డ్రైవరు పెట్టి షట్‌డౌన్ చేసి అప్పుడు డిస్కు పీకాలి. అలా చేస్తే కొత్తదాంట్లో నిక్షేపంగా లేచేది. పాతది ముందే చచ్చిపోతే రిపేర్ ఇన్‌స్టాల్ చేసేవాళ్లం, ఫైళ్లు చెక్కుచెదరకుండా. ఫోన్ చేసి పొడవాటి నంబరు చదివి యాక్టివేషన్ తెచ్చుకోవడం ఆ తర్వాతి మెట్టు.

ఇంత అవస్థ పడేకన్నా ఫైళ్లు కాపీ చేసుకుంటే పోదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. వాళ్లకి తెలుగు డీటీపీ సంగతి తెలియదు, అందుకే ఇది కాస్త నిదానంగా చెప్పాలి.

మాకు వచ్చే పనిలో పెద్ద భాగం ఏలూరు రోడ్డు పుస్తకాల వాళ్లకి పేజీలు కట్టే సెంటర్లదే. అక్కడ అంతా అను ఫాంట్లు, పేజ్‌మేకర్. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది గానీ, అది మన ప్రెస్సుల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతవరకు తెలుగు ఫాంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చినవే. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, వత్తు మరో చోట. ఆ ఫాంటు లేని మెషీన్లో ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలగలిసిన గజిబిజి కనపడేది. ఫాంటు ఉన్నా కీబోర్డు మేనేజర్ లేకపోతే ఒక్క దీర్ఘం దిద్దలేరు. రెండూ ఉన్నా ప్రింటర్ డ్రైవరు వేరేదైతే పేజ్‌మేకర్ పేజీలన్నీ మళ్లీ కూర్చేది, అప్పుడు వరసలు కదిలిపోయేవి. మూడు వందల పేజీల పుస్తకంలో పదో పేజీ దగ్గర ఒక వరస కిందికి జారితే, చివరి పేజీ దాకా చూసుకుంటూ పోవాలి. విషయసూచికలో అంకెలు తప్పుతాయి. అప్పటికే బటర్ పేపర్ మీద తీసిన పేజీలకీ కొత్త పేజీలకీ పొంతన ఉండదు.

కాబట్టి ఆ ఆపరేటర్‌కి ఫైలు ఒక్కటే ఉంటే లాభం లేదు. ఫాంటు, మేనేజర్, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవరు, అతను ఏళ్ల తరబడి తయారుచేసుకున్న స్టైల్ షీట్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా కొత్త మెషీన్లో లేవాలి. అంటే డిస్కే రావాలి. ఒక నిఘంటువు పని నడుస్తుండగా ఒక సెంటర్లో ల్యాప్‌టాప్ బోర్డు కాలిపోయింది. అదే మోడల్ పాతది ఒకటి సంపాదించి రాత్రికి రాత్రి డిస్కు మార్చి ఇచ్చాం. పొద్దున ఆపరేటర్ వచ్చి, నిన్న ఏ పదం దగ్గర ఆపాడో అక్కడి నుంచే మొదలుపెట్టాడు. ఒక్క వరస కదల్లేదు. తెలుగు అచ్చుపని ఇలాంటి డిస్కు మార్పిళ్ల మీద కూడా నడిచింది. దాని చరిత్ర రాసేవాళ్లు ఈ మాట వదిలేయకూడదు. ఇప్పటికీ చాలామంది రచయితల పుస్తకాల మూలప్రతులు ఆ పేజ్‌మేకర్ పీఎండీ ఫైళ్లలోనే ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో వెర్షన్ రాలేదు. ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 దాటాక ఆ ఫైళ్లని తెరవడం మానేసింది. వాటిని తెరవాలంటే ఆనాటి మెషీనైనా ఉండాలి, ఆనాటి డిస్కైనా లేచి నడవాలి.

సాటా వచ్చాక మా పని పండగైంది. ఏడు పిన్నుల డేటా, పదిహేను పిన్నుల కరెంటు, ఎల్ ఆకారంలో గాడి, తిరగేసి పెడదామన్నా పట్టదు. ల్యాప్‌టాప్ డిస్కుకీ డెస్క్‌టాప్ డిస్కుకీ ఒకటే సాకెట్టు. ఏ కంపెనీ డిస్కు ఏ కంపెనీ మెషీన్లోకైనా పోయేది. మందంలో తేడా ఒక్కటే చూసుకోవాలి. పాతవాటికి తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, పల్చటి మెషీన్లకి ఏడు. ఆ తర్వాత ఎస్ఎస్‌డీలు వచ్చాయి. మూలన పడేసిన ల్యాప్‌టాప్‌లోంచి తిరిగే డిస్కు తీసి, క్లోన్ చేసి ఎస్ఎస్‌డీ పెడితే, లేవడానికి నాలుగైదు నిమిషాలు తీసుకునేది అర నిమిషంలో లేచి కూర్చునేది. తీసిన పాత డిస్కుని రెండు మూడు వందల కేసింగ్‌లో పెడితే యూఎస్‌బీ డ్రైవు అయిపోయేది. డీవీడీ డ్రైవు పీకేసి ఆ స్థానంలో డిస్కు పట్టే క్యాడీ పెట్టి రెండు డిస్కులూ ఒకే మెషీన్లో నడిపినవాళ్లూ ఉన్నారు. పేదింటి ఇంజనీరింగు పిల్లలు ఎంతమంది ఆ మెషీన్ల మీద చదువుకున్నారో! నా మట్టుకు కంప్యూటరు తయారీ సవ్యంగా నడిచిన కాలం అదే.

అసలు డిస్కు ఊడి రావడమనేది మెకానిక్‌లు కోరిన కొత్త సౌకర్యం కూడా కాదు. 1962లోనే ఐబీఎం 1311 అనే డ్రైవు తెచ్చింది. ఆరు పళ్లేలున్న ప్యాకు, సుమారు నాలుగున్నర కిలోల బరువు, 20 లక్షల అక్షరాలు పట్టేది. ఒక డ్రైవులోంచి ఎత్తి ఇంకో డ్రైవులో పెట్టుకోవడానికే దాన్ని తయారుచేశారు. గదంత కంప్యూటర్ కాలంలో వాళ్లకి తట్టిన ఆలోచన ఇది. లెక్క చేసే యంత్రం వేరు, లెక్కలు దాచే వస్తువు వేరు. ఒకటి పోతే రెండోది మిగలాలి. యాభై ఏళ్లు దాటాక చేతిసంచిలో పట్టే మెషీన్‌లో ఆ రెండింటినీ కలిపి టంకం వేసేశారు. ఆపిల్ వాళ్లు 2016లో తెచ్చిన టచ్‌బార్ మాక్‌బుక్ ప్రోలో ఎస్ఎస్‌డీ మదర్‌బోర్డుకే అతుక్కుని ఉంటుంది. చవక ల్యాప్‌టాప్‌లలో ఈఎంఎంసీ చిప్పులదీ అదే పరిస్థితి. ఇల్లు ఖాళీ చేసి పోతున్నవాడి బీరువాని గోడలో పెట్టి సిమెంటు చేసినట్టుంది వీళ్ల పని. సన్నగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి అంటారు. ఒక ఎం.2 ఎస్ఎస్‌డీ వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80, చూయింగ్ గమ్ పట్టీ అంత. దానికి చోటు లేదంటే నేను నమ్మను.

ఆ ఎం.2 విషయంలో మాత్రం న్యాయంగానే మాట్లాడాలి. అది మంచి వస్తువు. ఒక్క స్క్రూ, చేత్తో తోస్తే కూర్చుంటుంది. కాకపోతే ఆకారం ఒకటే అయినా లోపల సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు జాతులున్నాయి, చాలావరకు గాడి చూసి గుర్తుపట్టొచ్చు. పాత ల్యాప్‌టాప్‌లోని సాటా ఎం.2 తీసి కొత్తదాంట్లో పెట్టి, లేవట్లేదని డిస్కు పోయిందనుకునేవాళ్లు నెలకి ఇద్దరైనా వస్తారు. డిస్కు బాగానే ఉంటుంది, ఆ సాకెట్టే దాన్ని చదవదు.

టంకం కన్నా నన్ను ఎక్కువ బాధపెడుతున్నది తాళం. మా రోజుల్లో డిస్కు దొంగ చేతిలో పడితే అంతా తెరిచి చదివేసేవాడు, అది పెద్ద లోపమే. ఒక డాక్టరుగారి ల్యాప్‌టాప్ పోతే ఆయన రోగుల వివరాలన్నీ బజారున పడేవి. కాబట్టి ఎన్‌క్రిప్షన్ అనవసరం అని నేను అనను. అడిగేది ఒక్కటే, తాళం వేశాక చెవి ఇంటాయన చేతికి ఇచ్చారా లేదా? విండోస్ 11లో 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మెషీన్ కొత్తగా సెటప్ చేస్తే చాలా మోడళ్లలో డిస్కుకి తాళం దానంతటదే పడుతుంది. 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలోకి పోతుంది. తాళం పడిందని కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు. మెషీన్ నడుస్తున్నంతకాలం బోర్డు మీది టీపీఎం చిప్పే తలుపు తెరుస్తూ ఉంటుంది. బోర్డు పోయి, డిస్కు తీసి ఇంకోదాంట్లో పెట్టిన రోజున తెర మీద 48 అంకెలు అడుగుతుంది. టీ2 చిప్పున్న మాక్‌బుక్‌లలో అయితే ఆ చిప్పు పోయాక అడగడానికి కూడా ఏమీ మిగలదు.

ఇలాంటిది ఒకటి మొన్నామధ్య వచ్చింది. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు పోయారు. ఆయన ల్యాప్‌టాప్‌లో అచ్చుకాని కథలు, శతకాల మీద రాసుకున్న వ్యాఖ్యానం ఉన్నాయని కూతురు తెచ్చింది. బోర్డు పోయింది, డిస్కు భేషుగ్గా ఉంది. పెట్టి చూస్తే కీ అడిగింది. ఆ ఖాతా ఏ ఈమెయిల్‌తో తెరిచారో ఇంట్లో తెలియదు. షాపులో కుర్రాడు సెటప్ చేసి ఇచ్చాడట. ఓటీపీ పోయే నంబరు ఆయన పోయాక రీచార్జి చేయక ఆగిపోయింది. ఆ అమ్మాయి "ఇంకో దారి లేదా బాబాయ్?" అని అడిగింది. లేదు. ఎంత పెద్ద ల్యాబ్‌కి పంపినా లేదు. పదిహేనేళ్ల కిందట అదే డిస్కుని కేసింగ్‌లో పెట్టి, పర్మిషన్ అడిగితే ఓనర్‌షిప్ మార్చుకుని, సాయంత్రానికల్లా ఆ కథలు ఆమె చేతిలో పెట్టేవాణ్ని. ఆ మాస్టారు కథల్ని ఎవరూ దొంగిలించలేకపోయారు, సరే. ఆయన కన్నకూతురు కూడా చదవలేకపోయింది.

క్లౌడ్‌లో పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకోండి, మంచిదే, రెండో కాపీగా. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, మైక్రోసాఫ్ట్ ఇచ్చేది 5. ఒక పెళ్లి ఫొటోలకే సరిపోదు. పైన ప్రతి నెలా అద్దె. ఆ అద్దె కట్టే మనిషి లేనప్పుడు ఏమవుతుందో ఇందాకే చెప్పాను.

ఇక పని చేసేవాళ్ల సంగతి. మా షాపుకి వచ్చే కొత్త కుర్రాళ్లు తెలివైనవాళ్లే. కానీ జబ్బుపడిన డిస్కు చూడగానే "ఫార్మాట్ కొట్టేద్దామా?" అంటారు. లేదంటే చెక్‌డిస్క్ నడుపుతారు. ప్రాణం మీదున్న డిస్కు మీద చెక్‌డిస్క్ నడపడం దాన్ని చంపడమే. పాడైన సెక్టార్లు వెతకమంటే అది ప్రతి సెక్టారూ తిరిగి తిరిగి చదువుతుంది, ఫైళ్ల పట్టికని అక్కడికక్కడే తిరగరాస్తుంది. మేం నేర్చుకున్న వరస వేరు. ముందు చెవి దగ్గర పెట్టుకుని వినాలి. నున్నగా తిరుగుతోందా, టక్ టక్ మని కొట్టుకుంటోందా? కొట్టుకుంటుంటే వెంటనే కరెంటు తీసేయాలి, ఇక అది క్లీన్ రూమ్ ఉన్నవాళ్ల పని. తిరుగుతూ ఉండి చదవడానికి ఇబ్బంది పడుతుంటే, డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ వివరాల్లో పెండింగ్ సెక్టార్లెన్నో చూసి, ఏ ఫైలూ తెరవకుండా మొత్తం డిస్కుని ఇంకో డిస్కులోకి కాపీ తీయాలి. దానికి అప్పట్లో ఘోస్ట్ అనే ప్రోగ్రాం ఉండేది, ఇప్పుడు డీడీరెస్క్యూ ఉంది, అది అంతకన్నా మేలైనది. బాగున్న చోట్లన్నీ ముందు చదివి, పాడైన చోట్లు గుర్తు రాసుకుని, వాటి కోసం తర్వాత వెనక్కి వస్తుంది. రిపేరు ఏదైనా ఆ కాపీ మీదే. ఫ్రిజ్‌లో పెడితే లేస్తుందని ఇప్పటికీ కొందరు చెప్తున్నారు. మన ఉక్కపోతలో ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కు లోపల పళ్లేల మీద తేమ దిగుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

తిరిగే డిస్కు పోయేముందు చాలాసార్లు చెప్పి పోయేది. నెమ్మదించేది, శబ్దం చేసేది, ఒకటి రెండు ఫైళ్లు మొరాయించేవి. ఎస్ఎస్‌డీ నిన్నటిదాకా పనిచేసి ఇవాళ బయోస్‌లో కనపడకుండా పోతుంది. పొరపాటున డిలీట్ చేసినదాన్ని పాత డిస్కులో వెతికి తీసేవాళ్లం, దాని మీద వేరేది రాయనంతవరకు అది అక్కడే ఉండేది. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే ఆజ్ఞ అందిందంటే ఆ గడులు ఖాళీ చేసేస్తుంది, ఇక దొరకదు. వేగం నాకూ ఇష్టమే, నా మెషీన్లోనూ ఎస్ఎస్‌డీయే ఉంది. వేగం పెరిగినకొద్దీ దాచుకునే జాగ్రత్త కూడా పెరగాలి. మనవాళ్లకి ఆ జాగ్రత్త ఎవరూ నేర్పలేదు.

మన ప్రభుత్వం రిపేరు హక్కు గురించి 2022 జూలైలో ఒక కమిటీ వేసింది. మంచి మాట. అందులో ల్యాప్‌టాప్ నిల్వ ఊడి రావాలన్న ఒక్క నియమం పెడితే నాలాంటివాళ్లు సంతోషిస్తారు. అది వచ్చేలోగా కొనేవాళ్లు అడగాల్సింది మూడు ముక్కలు. డిస్కు ఎం.2నా, టంకం వేసినదా? అడుగు మూత విప్పితే వారంటీ పోతుందా? డిస్కుకి తాళం పడి ఉందా? షాపువాడికి తెలియకపోతే మోడల్ నంబరు పెట్టి సర్వీసు మాన్యువల్ వెతకండి. చాలా కంపెనీలు ఇప్పటికీ పెడుతున్నాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి రికవరీ కీ ఉన్నచోటు చూడండి. ఆ 48 అంకెలు కాగితం మీద రాసి ఇంటి దస్తావేజుల కవర్లో పెట్టండి. ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

అటక మీద పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు దాన్ని పాతసామాన్ల బండికి వేయకండి. అందులో డిస్కు ఇంకా ఉండి ఉంటుంది. ఊరికే పడి ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ వాటి మోటార్లు బిగుసుకుపోతాయి, అందుకని ఆలస్యం చేయొద్దు. ఇంట్లో ఆన్ చేసి చూడొద్దు కూడా. అలాగే గుడ్డలో చుట్టి తీసుకురండి. 44 పిన్నులదైనా సరే, దానికి సరిపోయే కన్వర్టర్ నా సొరుగులో ఉంది.